మంచం పక్కన కుర్చీ: ఉపశమన వైద్యం నేర్పేవారి ప్రణాళిక

మిరప సీజన్‌లో వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డు తెల్లవారకముందే మేలుకుంటుంది. ఎర్రటి బస్తాల వరసలు, జెండా పాట, కాంటాల దగ్గర దడవాయిలు, వీపు మీద బస్తాతో వంగి నడిచే హమాలీలు. బస్తాను ఎక్కడ పట్టాలో, బరువును నడుము మీదికి ఎలా తీసుకోవాలో కొత్త హమాలీకి ఏ పుస్తకమూ చెప్పదు. పాత హమాలీ పక్కన నిలబడి చూసి, అతని కళ్లముందే ఎత్తి నేర్చుకుంటాడు.

ఇదే వరంగల్‌లో 1959 నుంచి కాకతీయ వైద్య కళాశాల డాక్టర్లను తయారుచేస్తోంది. ఎంజీఎం ఆసుపత్రి వాళ్లకు పాఠశాల. ఈ ప్రణాళికను ఒప్పుకునే వైద్యులు, నర్సులు, విద్యార్థులు చెప్పేది ఒక్కటే: నయంకాని జబ్బుతో ఉన్న మనిషిని చూసుకునే విద్య మంచం పక్కనే అబ్బుతుంది. కనుక దాన్ని అక్కడే నేర్పాలి, పరీక్ష కూడా అక్కడే పెట్టాలి.

అవసరం చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా దాదాపు 5 కోట్ల 68 లక్షల మందికి ఉపశమన సంరక్షణ కావాలి, అందుతున్నది సుమారు 14 శాతం మందికే. మందులు దొరకకపోవడం ఒక కారణం. మందు చేతిలో ఉన్నా వాడడం నేర్పినవాళ్లు లేకపోవడం ఇంకో కారణం.

మొదటి సూత్రం: ముందు గురువు కూర్చోవాలి.

ఒక ఇల్లు ఊహించుకోండి. నోటి క్యాన్సర్‌తో మంచం పట్టిన హమాలీ, వాకిట్లో భార్య, తలుపు దగ్గర హౌస్ సర్జన్. కేస్ షీట్‌లో ఉన్నట్టే ఆ కుర్ర డాక్టర్ అడుగుతాడు: "సున్నా నుంచి పదిలో నీ నొప్పి ఎంత?" పెద్దాయన మొహం తిప్పుకుంటాడు. గురువు ఆ ప్రశ్నను తప్పుపట్టదు. స్టూలు లాక్కుని, ఆయన కళ్లకు ఎదురుగా కూర్చుంటుంది. "రాత్రి నిద్ర పట్టిందా పెద్దయ్యా? మొన్న ఇచ్చిన గోలీతో నొప్పి రూపాయిల ఎన్ని పైసలు తగ్గింది?" పెద్దాయన నాలుగు వేళ్లు చూపిస్తాడు. నలభై పైసలు. ఆ తర్వాతి నిమిషమంతా గురువు ఏమీ మాట్లాడదు. ఆ మౌనంలోనే ఆయన, అన్నం మింగలేకపోవడం కంటే మనవరాలు దగ్గరికి రాకపోవడమే ఎక్కువ బాధగా ఉందంటాడు. పుండు వాసనే కారణం. మెట్రోనిడజోల్ మాత్రను పొడిచేసి పుండుపై వాడితే ఆ వాసన తగ్గుతుందని విద్యార్థికి తెలిసేది అప్పుడే. ఇక జీవితంలో మరచిపోడు.

రెండో సూత్రం: నొప్పి తగ్గించడం దయ కాదు, బాధ్యత. నోటితో తీసుకునే మామూలు మార్ఫిన్ దాదాపు నాలుగు గంటలు పనిచేస్తుంది. అందుకే నొప్పి వచ్చాక కాకుండా వేళకు ఇవ్వాలి. మలబద్ధకం రాకుండా విరేచనం మందూ జతచేయాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఏళ్ల తరబడి ఈ మందు పేదల దాకా చేరలేదు. 2014 సవరణ ఆ దారిని సులువు చేసింది. అయినా మార్ఫిన్ పేరు వినగానే భయపడే డాక్టర్లు ఇంకా ఉన్నారు. ఆ భయం ఉపన్యాసంతో పోదు. గురువు మోతాదు లెక్కకట్టడం చూసి, మర్నాడు అదే రోగి లేచి కూర్చుని చాయ్ తాగడం చూస్తే పోతుంది.

మూడో సూత్రం: నిజం చెప్పడం కూడా చికిత్సే.

"ఆయనకు చెప్పకుండ్రి సారు" అని గుమ్మం బయట కొడుకు చేతులు పట్టుకుంటాడు. లోపల తండ్రి అడుగుతాడు: "నాకు మంచిగైతదా?" ఈ రెండు మాటల మధ్య నిలబడడం మన వైద్యుడికి రోజూ ఉండే పరీక్ష. మంచి గురువు కొడుకును కసరదు. అతని భయమేమిటో ముందు వింటుంది. తర్వాత తండ్రినే అడుగుతుంది, ఆయనకేం తెలుసో, ఇంకెంత తెలుసుకోవాలనుందో. ఎంబీబీఎస్‌లో 2019 నుంచి అమలైన కొత్త పాఠ్యక్రమంలో వైఖరి, నైతికత, సంభాషణ ప్రత్యేక పాఠాలయ్యాయి. అవి తరగతి గదిలో ముగిసిపోకూడదు. తెలుగులో, రోగి యాసలో, నిజమైన గుమ్మం దగ్గర సాగాలి.

నాలుగో సూత్రం: నర్సు కూడా గురువే, రోగి కూడా గురువే. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తర్వాత ఆసుపత్రిలో సామాజిక కార్యకర్త, ఆ తర్వాతే డాక్టర్. నొప్పి శరీరానిదే కాదు, మనసుది, ఇంటిది, నమ్మకానిది కూడా అని ఆమె చెప్పగలిగింది ఆ మూడు పనులూ చేసినందువల్లే. 1993లో కోజికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, సహచరులు మొదలుపెట్టిన క్లినిక్ నుంచి ఇరుగుపొరుగు మనుషులే సేవకులుగా కేరళ అంతటా ఉపశమన వైద్య ఉద్యమం పాకింది.

మన దగ్గరా దారి ఉంది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలట్ నడిపించిన ఉపశమన వైద్య విభాగం రోగులను చూడడంతో ఆగలేదు. డాక్టర్లకు, నర్సులకు శిక్షణ ఇచ్చింది, పిల్లల ఉపశమన వైద్యాన్నీ నేర్పింది. ప్రభుత్వ ఆసుపత్రి వార్డే తరగతి గది కావచ్చని అక్కడ రుజువైంది. తెలంగాణలో 'ఆలన' పేరుతో ఇళ్లకు వెళ్లే సేవలూ మొదలయ్యాయి.

అయిదో సూత్రం: విద్యార్థి కన్నీటికీ చోటుండాలి. తాను చూసిన రోగి పోయిన రోజు హౌస్ సర్జన్‌ను తర్వాతి కేసుకు తరమకూడదు. పది నిమిషాలు కూర్చోబెట్టి ఏం జరిగిందో చెప్పించాలి. తనకు తెలియనిది, తాను పొరబడింది గురువు దాచకుండా చెప్పాలి.

ఈ ప్రణాళిక కోరేవి నాలుగు. ప్రతి హౌస్ సర్జనూ ఉపశమన బృందంతో ఇళ్లకు వెళ్లాలి. చెడు వార్త చెప్పడం, మార్ఫిన్ మోతాదు రాయడం పరీక్షలో మార్కులున్న అంశాలు కావాలి. గురువు రోగితో మాట్లాడే తీరును ఏడాదికోసారి నర్సులు, విద్యార్థులు అంచనా వేయాలి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో మార్ఫిన్ మాత్రలు, వాటిని రాయగల శిక్షణ పొందిన డాక్టరు ఉండాలి.

ఇళ్లకు వెళ్లే మొదటి రోజు సంచిలో ఉండాల్సినవి: మార్ఫిన్ మాత్రలు, విరేచనం మందు, మెట్రోనిడజోల్, గాజు గుడ్డ, దూది, ఒక నోట్‌బుక్. యార్డు వెనక సందులో బండి ఆగాక సంచి నర్సు పట్టుకుంటుంది, గురువు వెనక నడుస్తుంది. తలుపు విద్యార్థి తడతాడు.