రాక్షస గుళ్లలో దొరికే పళ్లను కాపాడండి

మనిషి ఒంట్లో పంటి ఎనామిల్ కన్నా గట్టిది లేదు. ఎముకలు మట్టిలో కలిసిన చోట కూడా పళ్లు మిగులుతాయి. వాటి మీది గట్లు, గుంటలు, వేర్ల సంఖ్య చాలావరకు వంశపారంపర్యంగా వచ్చేవే. అందుకే ఏ జనం ఎక్కడి నుంచి కదిలివచ్చారో పళ్లను బట్టి ఊహించవచ్చు.

అమెరికన్ మానవ శాస్త్రవేత్త క్రిస్టీ టర్నర్ (1933–2013) ఈ దారిలోనే నడిచారు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ, ఆర్కిటిక్ నుంచి ఆగ్నేయాసియా దాకా ప్రాచీనుల పళ్లను పరిశీలించారు. ముందు పళ్ల వెనుక పారలాంటి గుంట ఈశాన్య ఆసియా వాసుల్లోనూ అమెరికా ఆదివాసుల్లోనూ విరివిగా కనిపిస్తుంది. ఇలాంటి పోలికల ఆధారంగా, ఆసియా నుంచి అమెరికాకు జనం మూడు విడతలుగా వెళ్లారని 1986లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్, స్టీఫెన్ జెగురాలతో కలిసి వాదించారు. పెద్ద దుమారమే రేగింది. 2012లో జన్యు పరిశోధకులు కూడా కనీసం మూడు ప్రవాహాల జాడ చూపారు.

పళ్లను పోల్చడానికి టర్నర్ బృందం 1991లో ప్రచురించిన పద్ధతికి ప్లాస్టర్ నమూనాలే ఆధారం. అలాంటి నమూనాలకు ముందుగా బాట వేసిన ఆల్బర్ట్ డాల్‌బర్గ్ షికాగో దంతవైద్యుడు; అంటే ఈ పనిలో దంతవైద్యులకూ పాత్ర ఉంది.

మన వేడి నేలలో పళ్ల అధ్యయనం మరీ అవసరం. వేడికి డీఎన్ఏ త్వరగా చెడుతుంది. హర్యానాలోని హరప్పా నాగరికత స్థలం రాఖీగఢీలో 60కి పైగా నమూనాలు పరీక్షిస్తే ఒక్క మనిషి డీఎన్ఏ మాత్రమే పనికొచ్చిందని 2019లో వెల్లడైంది. జన్యువులు చేజారినా పంటి ఆకారం నిలిచి ఉంటుంది. ఎనామిల్‌లోని స్ట్రాన్షియం అనే మూలకం ఆ మనిషి బాల్యం ఏ నేల మీద గడిచిందో కూడా సూచిస్తుంది.

తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల్లో రాక్షస గుళ్లని పిలిచే పెద్దరాళ్ల సమాధులు క్వారీలకు, పొలాల చదునుకు, ప్లాట్లకు బలవుతున్నాయి. కుండలు, పూసలు, ఇనుప కత్తులతో పాటు ఆ సమాధుల్లోని పళ్లూ చరిత్రే.

కాబట్టి రెండు రాష్ట్రాల పురావస్తు శాఖలు ఈ పనులు వెంటనే చేపట్టాలి:

1. ప్రతి తవ్వకంలో మొదటి రోజు నుంచే మానవ శాస్త్రవేత్త ఉండాలి.
2. పంటిని కోసి పరీక్షించే ముందు ఫొటోలు, అచ్చులు తీసి తీరాలి.
3. డెంటల్ కాలేజీలు, ఆంధ్ర, హైదరాబాద్ విశ్వవిద్యాలయాల మానవ శాస్త్ర విభాగాలు కలిసి ఉమ్మడి దంత భండారం నెలకొల్పాలి.
4. ఊరి పెద్దలతో మాట్లాడి, వారి సమ్మతితోనే అవశేషాలను తరలించాలి.

పొలంలో ఎముకలు బయటపడితే రైతులు పని ఆపి తహసీల్దారు కార్యాలయానికి కబురు చేయాలి. సర్పంచులు ఈ నాలుగు కోర్కెలపై గ్రామసభలో తీర్మానం చేసి పురావస్తు శాఖకు పంపాలి.