‘సేవ్’ చేశారు.. మరి సబ్మిట్ అయిందా?

రాత్రి పదకొండున్నర. అల్వాల్‌లో ఓ డిగ్రీ విద్యార్థి వర్డ్‌లో టైప్ చేసుకున్న అసైన్‌మెంట్‌ను కాలేజీ ఆన్‌లైన్ పోర్టల్‌లోని టెక్స్ట్ ఎడిటర్‌లో పేస్ట్ చేశాడనుకోండి. అక్షరాల సైజులు మారిపోయాయి. టేబుల్ చెదిరింది. ఎలాగో సర్దుకుని ‘సేవ్ చేంజెస్’ నొక్కి పడుకున్నాడు. పొద్దున చూస్తే అసైన్‌మెంట్ ఇంకా డ్రాఫ్ట్‌గానే ఉంది! ఆ తర్వాత మరో బటన్ కూడా నొక్కాలని అతనికి ఎవరూ చెప్పలేదు.

‘చూసుకోవాలి కదా’ అని విద్యార్థినే అంటాం. నిజానికి ఆ మాట చెప్పాల్సింది సాయం పేజీ. చెప్పాల్సిన చోట అది చెప్పలేదు. ఉద్యోగాల వేటలో ఉన్న మీరు ఈ చిన్న లోపాన్ని కాస్త ఆగి గమనించాలి.

ఏం మారింది?

విద్యాసంస్థలు వాడే ఓపెన్ సోర్స్ లెర్నింగ్ సాఫ్ట్‌వేర్‌లలో ‘మూడుల్’ ముఖ్యమైంది. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియామస్ 2002లో దీన్ని విడుదల చేశారు. 2014లో వచ్చిన 2.7 వర్షన్ నుంచి ఇందులో ‘అట్టో’ అనే ఎడిటర్ ఉండేది. 2022 చివర్లో వచ్చిన 4.1తో ‘టైనీఎంసీఈ’ కొత్త వర్షన్ చేరింది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 5.0లో అట్టోను ప్రధాన ప్యాకేజీ నుంచి తీసేశారు.

కాలేజీలన్నీ ఒకేసారి అప్‌గ్రేడ్ కావు. దాంతో ఎడిటర్ మారినా, చేతిలోని పీడీఎఫ్ గైడులో పాత బటన్ల బొమ్మలే మిగిలిపోతాయి. మరోవైపు ఆన్‌లైన్ చదువు వాటా పెరుగుతోంది. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులను స్వయం ద్వారా చేసే వీలుంది. తెరమీద పని పెరిగేకొద్దీ, ఆ తెరను ఎలా వాడాలో చెప్పే నాలుగు ముక్కల విలువా పెరుగుతుంది.

తేడా ఎక్కడుంది?

ఈ వాక్యం చూడండి: ‘ఎడిటర్ నందు సమాధానమును నమోదు చేసి భద్రపరచవలెను.’ తప్పేమీ లేదు. కానీ రాత్రి పదకొండున్నరకు ఎవరికీ పనికిరాదు. దాన్నే ఇలా రాస్తే?

1. వర్డ్ నుంచి తెచ్చిన మేటర్‌ను క్రోమ్‌లో కంట్రోల్+షిఫ్ట్+వీతో పేస్ట్ చేయండి. పాత ఫార్మాటింగ్ రాదు. టేబుల్ ఉంటే ఎడిటర్‌లోనే మళ్లీ వేసుకోండి.
2. ‘సేవ్ చేంజెస్’ నొక్కండి.
3. ‘సబ్మిట్ అసైన్‌మెంట్’ బటన్ కనిపిస్తే అదీ నొక్కండి. లెక్చరర్ ఆ సెట్టింగ్ పెడితేనే ఇది వస్తుంది.
4. స్టేటస్‌లో ‘సబ్మిటెడ్ ఫర్ గ్రేడింగ్’ అని ఉందో లేదో చూసుకోండి.

నాలుగో మెట్టే అసలు కీలకం. పని అయిందని ఎలా తెలుస్తుందో చెప్పని సూచన సగం సూచనే. అలాగే మౌస్ వాడలేని, స్క్రీన్ రీడర్‌పై ఆధారపడే విద్యార్థికి టైనీఎంసీఈ టూల్‌బార్‌లోకి ఆల్ట్+ఎఫ్10తో వెళ్లొచ్చని తెలియాలి. ఈ ఒక్క వాక్యం లేకపోతే అతనికి ఆ ఎడిటర్ మూసిన తలుపే.

ఏఐ రాసేయదా?

రాస్తుంది, మీకంటే వేగంగానే. కాబట్టి ‘ఇంగ్లిష్ బాగా రాస్తాను’ అన్న ఒక్క బలంతో టెక్నికల్ రైటర్ ఉద్యోగం ఆశించడం కష్టమే. అయితే మీ కాలేజీలో ఏ వర్షన్ ఉంది, ఆ బటన్ నిజంగా అక్కడే ఉందా, ఫోన్‌లో ఎక్కడికి పోయింది అన్నది ఎవరో ఒకరు నొక్కి చూసి చెప్పాల్సిందే. మార్కెట్‌లో నిలబడేది ఆ నొక్కి చూసే అలవాటే. నిన్న ఇరుక్కుపోయిన మీకంటే ఆ పని బాగా చేసేవారు ఎవరు?

ఇలా మొదలుపెట్టండి

- మీరు ఇబ్బంది పడ్డ ఒక్క పనినే ఎంచుకోండి. ‘ఎడిటర్ పూర్తి గైడ్’ జోలికి వెళ్లొద్దు.
- ప్రతి మెట్టునూ కంప్యూటర్‌లో, ఫోన్‌లో చేసి చూడండి. వర్షన్ నంబర్ రాయండి.
- రాసింది జూనియర్‌కు ఇచ్చి పక్కన మౌనంగా కూర్చోండి. అతను ఆగిన చోటల్లా మీ వాక్యం మార్చండి.
- స్క్రీన్‌షాట్లలో ఎవరి పేరు, హాల్‌టికెట్ నంబర్, మార్కులు కనిపించకూడదు.
- తెలుగులో రాస్తే బటన్ల పేర్లు తెరమీద ఉన్నట్టే ఉంచండి. ‘సబ్మిట్’ను ‘సమర్పించు’ అంటే వెతుక్కోవాల్సి వస్తుంది. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో తెలుగు ఆడియో పాఠాలు ఉన్నాయి. ఒకటి రెండు విని చూడండి.
- మూడుల్ సాయం పేజీలు వికీ పద్ధతిలో నడుస్తాయి. ఎవరు ఏం మార్చారో చరిత్రలో నిలుస్తుంది. మీ సవరణ అక్కడ నిలిస్తే రెజ్యూమెలో లింక్ ఇవ్వొచ్చు.

దీనికి జీతం రాదు. దీంతోనే ఉద్యోగం వస్తుందనీ చెప్పలేం. కానీ ‘గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్’ అని ప్రతి రెజ్యూమెలోనూ ఉంటుంది. ‘ఈ పేజీ ముందు ఇలా ఉండేది, ముగ్గురు ఇక్కడ ఆగారు, నేను ఇలా మార్చాను’ అని ఇంటర్వ్యూలో చూపించేవారు ఎందరు? టెక్నికల్ రైటర్‌కే కాదు.. కస్టమర్ సపోర్ట్, టెస్టింగ్, ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ ఉద్యోగాలకూ ఈ రుజువు పనికొస్తుంది.

ఇందుకోసం అల్వాల్ నుంచి అమీర్‌పేట దాకా వెళ్లి కోర్సు ఫీజు కట్టక్కర్లేదు. మీరు పోయినసారి ఎక్కడ ఆగిపోయారో గుర్తు తెచ్చుకోండి. మీ తర్వాత వచ్చేవాడు అక్కడ ఆగకుండా నాలుగు వాక్యాలు రాయండి. ఆ మేరకు రేపు ఒకరి మార్కులు నిలుస్తాయి, మీ చేతిలో చూపించుకోవడానికి ఒక పని ఉంటుంది.