రొంటిన దోపుకునేది కాదు!

మామిడి పిందె కట్టిన దగ్గర్నుంచి తొలకరి పడేదాకా నూజివీడు చుట్టుపక్కల ఊళ్ళకి కంటిమీద కునుకు తక్కువ. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట... ఎటు చూసినా తోటలే. రసాలు, బంగినపల్లి కోతకొచ్చాయంటే రాత్రీపగలూ ఒకటే సందడి. కాయ నున్న మార్కెట్టుకి వెళ్తుంది, డబ్బు తోటకి వస్తుంది. కోత కూలీలకీ, బళ్ళ కిరాయికీ, తోట కొన్నవాళ్ళ అడ్వాన్సులకీ ఫోన్లో మీట నొక్కితే సరిపోయే రోజులే అయినా, నోట్ల సంచి మాత్రం ఇంకా పూర్తిగా మాయం కాలేదు. తోట మధ్యలో పాక, ఓ కుక్క, ఓ టార్చిలైటు, చేతికర్ర. అక్కణ్నుంచి రాత్రి పదింటప్పుడు సంచి పట్టుకుని బండెక్కే మనిషికి ఓ ఆలోచన వస్తుంది. 'మనకీ ఓ రివాల్వరుంటే?'

తప్పు పట్టాల్సిన ఆలోచనేం కాదు. ప్రాణభయం ఉన్నవాడికి ఆయుధం ఇవ్వడానికి చట్టంలో దారి ఉంది. కాకపోతే సినిమాలో హీరో నడుం వెనక దోపుకున్నంత తేలిక కాదది. కొనడం ఒక ఎత్తు, మోయడం పది ఎత్తులు.

కలెక్టరు ఇస్తేనే...

నూజివీడు వైపు తోతాపురి కాయని కలెక్టరు అంటారు. ఆ కలెక్టరు చెట్టున కాస్తుంది కానీ, తుపాకీ లైసెన్సిచ్చే కలెక్టరు అంత సులువుగా అందడు. 2022 ఏప్రిల్‌కి ముందైతే మచిలీపట్నం చూడాలి. ఇప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలో ఉంది కాబట్టి ఏలూరు కలెక్టరు. విజయవాడలో ఉండేవాళ్ళకి మాత్రం పోలీసు కమిషనరే లైసెన్సు అధికారి.

ఆయుధాల చట్టం వచ్చింది 1959లో. దానికింద ఉన్న నిబంధనల్ని 2016లో కొత్తగా రాశారు. దరఖాస్తుదారుకి 21 ఏళ్ళు నిండాలి. స్టేషను నుంచి పోలీసు నివేదిక వెళ్ళాలి. తుపాకీని జాగ్రత్తగా వాడటం నేర్చుకున్నట్టు శిక్షణ ఉండాలి. ఇక్కడో తిరకాసుంది. 20 అంగుళాలకి తగ్గని గొట్టం ఉన్న మామూలు తుపాకీని రక్షణకి అడిగినా, పంట కాపలాకి మందు దట్టించే నాటు రకం తుపాకీ అడిగినా, కాదనడానికి కారణం లేకపోతే ఇవ్వాలనే చట్టం అంటోంది. రివాల్వరు, పిస్టల్ దగ్గరికొచ్చేసరికి ఆ ఉదారం లేదు. 'సరైన కారణం ఉంది' అని అధికారికి నమ్మకం కలగాలి. డబ్బు పట్టుకుని తిరుగుతాననే ఒక్క మాట చాలదు. బెదిరింపులు వచ్చి ఉంటే ఫిర్యాదు చేశారా, ఆ కాగితాలున్నాయా అని అడుగుతారు. కేసుంటే ఆ కథ వేరు.

ఇదంతా వేధింపు కదా, అమెరికాలో అలా లేదు కదా అంటారు కొందరు. నిజమే. అక్కడ ఆయుధం రాజ్యాంగమిచ్చిన హక్కు. 2022లో అక్కడి సుప్రీంకోర్టు బయట తిరిగేటప్పుడు పిస్టల్ వెంట ఉంచుకోవడం కూడా ఆ హక్కులోదేనంది. మన దేశంలో అలాంటి హక్కు లేదనీ, అనుమతి ఉన్నవాళ్ళే తుపాకీ పట్టాలనీ మన సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్ కేసొకటి వింటూ గుర్తుచేసింది. లైసెన్సు లేకుండా తుపాకీ దొరికితే శిక్ష కనీసం రెండేళ్ళు, గరిష్ఠంగా ఐదేళ్ళు. 2019 సవరణకి ముందు ఇది ఒకటి నుంచి మూడేళ్ళు ఉండేది. 'నాటుది చవగ్గా దొరుకుతుంది' అని చెవిలో ఊదేవాళ్ళు ఈ సంగతి చెప్పరు. పైగా నాటుది ఎప్పుడు ముందుకి పేలుతుందో, ఎప్పుడు చేతిలోనే పేలుతుందో చేసినవాడికే తెలీదు.

ఏది కొనాలి?

లైసెన్సొచ్చాక దుకాణంలో కనబడే రకాలు చాలా తక్కువ. పోలీసులు, సైన్యం వాడే తొమ్మిది మిల్లీమీటర్ల పిస్టళ్ళు మామూలు లైసెన్సుకి రావు. విదేశీ రివాల్వర్లని మామూలు పౌరులు తెప్పించుకునే వీలు దశాబ్దాలుగా లేదు. పాతకాలంలో వచ్చినవి చేతులు మారుతుంటాయి, వాటి ధర తోట ధరలా పలుకుతుంది. కాబట్టి చాలామందికి మిగిలేది పాయింట్ 32 బోరు, అదీ ఎక్కువగా ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలవి. ఆరు తూటాల రివాల్వరొకటి, 'అశని' పిస్టలొకటి. ఢిల్లీ నిర్భయ ఘటన తరవాత 2014 జనవరిలో కాన్పూరు కర్మాగారం 'నిర్భీక్' అని అరకిలో బరువుండే రివాల్వరు తెచ్చింది. ఆడవాళ్ళ కోసం అన్నారు. ధర లక్షా 22 వేల పైచిలుకు! ఆ డబ్బు పెట్టగలిగే ఆడవాళ్ళెందరు అని అప్పట్లో విమర్శలూ వచ్చాయి. 2023 ఆగస్టులో 'ప్రబల్' వచ్చింది.

రివాల్వరా, పిస్టలా అంటే... రోజూ సాధన చేసేవాడికి రెండూ ఒకటే. ఏడాదికి రెండుసార్లు బీరువాలోంచి తీసేవాడికి మాత్రం రివాల్వరే నయం. తెరిస్తే ఆరు గదులూ కళ్ళెదుట కనిపిస్తాయి. తూటా ఉందో లేదో అనుమానం ఉండదు. పిస్టల్‌తో వచ్చే ప్రమాదం వేరు. కింది నుంచి మ్యాగజైన్ తీసేసి 'ఖాళీ అయింది' అనుకుంటారు. అప్పటికే గొట్టంలోకి ఎక్కిన తూటా ఒకటి అక్కడే ఉండిపోతుంది. ముందు మ్యాగజైన్ తీయాలి, తరవాత పైభాగాన్ని వెనక్కి లాగి ఆ తూటాని బయటికి రప్పించాలి, ఆపైన కంటితో చూడాలి, వేలితో తడిమి చూడాలి. ఈ వరస తిరగబడితే మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటా గొట్టంలోకి ఎక్కి అక్కడే ఉండిపోతుంది.

చూసి మురిసిపోయి కొనేది కాదిది. చేతిలో ఇమిడిందా, ట్రిగ్గరు లాగడానికి వేళ్ళలో బలముందా అన్నవి బోరు కన్నా ముఖ్యం. అరవై దాటిన రైతుకి కీళ్ళనొప్పులుంటే బిగువైన ట్రిగ్గరు లాగేసరికి గురి ఎటో పోతుంది. గురి నేర్చుకోవడానికి తోటలో డబ్బా పెట్టి కాల్చడం మహా పొరపాటు. ఆకులు, తడికలు తూటాని ఆపవు. అవతల గట్టు మీద గడ్డి కోసుకునే మనిషి ఉండొచ్చు. అనుమతి ఉన్న రేంజిలోనే సాధన చెయ్యాలి.

పంచెకి ఒర ఎక్కడ?

నిబంధన స్పష్టంగా ఉంది. నలుగురూ తిరిగే చోట చేతి తుపాకీ ఒంటికి తగిలించుకున్న ఒరలో గానీ, దానికి తగ్గ సంచిలో గానీ ఉండాలి. పైకి కనబడకూడదు. మోసేవాడి అదుపులో ఉండాలి. మరి మన రైతు కట్టేది పంచె! చుట్టకాయల సంచి నుంచి చిల్లర డబ్బుల దాకా అన్నీ రొంటినే దోపుకున్న అలవాటు. రివాల్వరుకి రొంటి పనికిరాదు. బండి గతుకులో పడితే జారుతుంది, జారినదాన్ని పట్టుకోబోతే వేలు ట్రిగ్గరు మీద పడుతుంది. ట్రిగ్గరు పూర్తిగా మూసే గట్టి ఒర, దాన్ని మోసే గట్టి బెల్టు ఉంటేనే వెంట తీసుకెళ్ళాలి. తాళాలు, చిల్లర ఉన్న జేబులో వెయ్యకూడదు. స్కూటరు సీటుకింద పెట్టి టీ తాగడానికి పోతే అది అదుపులో ఉన్నట్టు కాదు. ఇంకోటి, మే నెల చెమటకి ఇనుము తుప్పు పడుతుంది. తోలు ఒర తేమని పట్టి ఉంచుతుంది కాబట్టి ఇంటికొచ్చాక తుపాకీని అందులోనే వదిలెయ్యకూడదు.

లైసెన్సు ఎంతమేర చెల్లుతుందో దానిమీదే రాసి ఉంటుంది. చదివేవాళ్ళు తక్కువ. తోట ఏలూరు జిల్లాలో, నున్న ఎన్టీఆర్ జిల్లాలో. చాట్రాయి దాటి సత్తుపల్లి వైపు వెళ్తే రాష్ట్రమే మారిపోతుంది. కాయ ఎటైనా వెళ్తుంది, తుపాకీ వెళ్ళకూడదు.

పెళ్ళి ఊరేగింపులో గాల్లోకి పేల్చే సరదా ఉన్నవాళ్ళకి 2019లో ప్రత్యేకంగా ఓ సెక్షను పెట్టారు. ఇతరుల ప్రాణాలకి ముప్పు తెచ్చేలా కాలిస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మందు ముట్టిన చేత్తో తుపాకీ ముట్టకూడదని చెప్పడానికి వేరే సెక్షనెందుకు!

అన్నిటికన్నా చిత్రం ఒకటుంది. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకుల్ని పోలీసు స్టేషన్లో జమ చెయ్యమంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2009లో పోలింగ్ ఏప్రిల్ 16, 23. 2014లో ఈ ప్రాంతానికి మే 7. 2019లో ఏప్రిల్ 11. 2024లో మే 13, లెక్కింపు జూన్ 4. అంటే ఏ కాలం కోసం ఆయుధం కావాలనుకున్నాడో సరిగ్గా ఆ కాలంలోనే అది స్టేషన్లో చీటీ కట్టించుకుని కూర్చుంటుంది. ప్రాణానికి నిజంగా ముప్పున్నవాళ్ళు మినహాయింపు అడగొచ్చు, ఇస్తారా లేదా అన్నది జిల్లా కమిటీ చేతిలో ఉంటుంది. కాబట్టి డబ్బు భద్రతకి తుపాకీ మీదే ఆధారపడ్డవాడి లెక్క ఐదేళ్ళకోసారి ఎలాగూ తప్పుతుంది. లావాదేవీ బ్యాంకులో నడిపించి, మిగిలిన నగదు పగటిపూట, ఇద్దరు మనుషులతో, రోజుకో దారిలో పంపేవాడికి ఆ చిక్కు లేదు.

కాయ దొంగకి తూటా?

అసలు ప్రశ్న ఇది. రాత్రి రెండింటికి తోటలో అలికిడైంది. ఎవరో కాయలు దులుపుతున్నారు. చేతిలో రివాల్వరుంది. కాల్చొచ్చా?

కూడదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ గురించి 34 నుంచి 44 దాకా సెక్షన్లున్నాయి. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా ఉన్నవే. అవసరమైన దానికన్నా ఎక్కువ హాని చెయ్యడానికి హక్కు లేదు. పోలీసుల్ని పిలిచే వ్యవధి ఉంటే ఆ హక్కే లేదు. ఆస్తి కోసం ప్రాణం తీసేంత హక్కు దోపిడీ, రాత్రిపూట ఇల్లు పగలగొట్టి చొరబడటం, నివాసానికో సరుకు దాచిన కట్టడానికో నిప్పు పెట్టడం లాంటి వాటికే ఉంది. దొంగతనమైతే, అడ్డుకోకపోతే ప్రాణం పోతుందనో, తీవ్ర గాయమవుతుందనో నిజంగా భయపడే పరిస్థితి ఉండాలి. గోతం నిండా రసాలు ఆ లెక్కలోకి రావు. పారిపోతున్నవాడి వీపున తగిలిన తూటాకి సంజాయిషీ చెప్పుకోవడం చాలా కష్టం. చీకట్లో చెట్టు మీదున్నది పక్కూరి పదో తరగతి పిల్లాడై ఉండొచ్చు. టార్చి వెయ్యడం, కేకెయ్యడం, 112కి ఫోను చెయ్యడం, ఇవి రివాల్వరు కన్నా ముందు రావాలి. అడవిపంది వచ్చినా అంతే. దాన్ని కాల్చడానికి వన్యప్రాణి చట్టం కింద అనుమతి వేరే కావాలి.

అదీకాక లైసెన్సు తుపాకీ పేలేది ఎప్పుడూ దొంగల మీదే కాదు. 2023 మార్చిలో పులివెందులలో డబ్బు తగాదా కాల్పులదాకా వెళ్ళింది. లైసెన్సున్న తుపాకీతోనే. ఒకరు పోయారు, ఒకరు గాయపడ్డారు. కోపం వచ్చినప్పుడు చేతికందే దూరంలో ఏముందన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న.

బీరువా తాళం ఎవరి దగ్గర?

మామిడి కాలం అంటే మనవలు ఊరొచ్చే కాలం కూడా. తాతగారి గదిలో వాళ్ళు వెతకని మూల ఉండదు. పరుపు కింద, దిండు కింద, బియ్యం డబ్బాలో పెట్టడం దాచడం కాదు. తుపాకీ ఖాళీ చేసి తాళం వేసిన పెట్టెలో, తూటాలు వేరే తాళంలో ఉండాలి. తాళంచెవులు ఆడపడుచుల చేతిలోనో, దేవుడి గూట్లోనో కాదు, లైసెన్సుదారు దగ్గరే ఉండాలి.

ఈ తోటల ఊళ్ళనుంచి పిల్లలు అమెరికాలో చదువుతున్నవాళ్ళు చాలామంది. వాళ్ళకి ఈ సంగతి ఇంకా ముఖ్యం. అక్కడ దొరకడం తేలిక, ఎవరో నేర్పేదాకా ఆగడమే కష్టం. 2024 నవంబరులో అట్లాంటాలో తెలంగాణ విద్యార్థి ఒకడు తన పుట్టినరోజు నాడే, తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. శుభ్రం చేసేముందు ఖాళీ చెయ్యడం, చేసింది మరోసారి చూసుకోవడం, గొట్టం మనిషి వైపు తిప్పకపోవడం, వేలు ట్రిగ్గరుకి బయటే ఉంచడం... ఫోన్లో మాట్లాడేటప్పుడు అన్నం తిన్నావా అని అడిగే నోటితో ఇవీ ఓసారి అడగాలి.

చివరిగా నూజివీడు లాంటి జమీందారీ నేలలో తరచూ ఎదురయ్యే చిక్కొకటి. పెద్దాయన కాలం చేస్తారు. పదకొండో రోజు బీరువా తెరిస్తే తుపాకీ ఉంటుంది. 'నాన్న గుర్తు' అని కొడుకు అట్టిపెట్టుకుంటే అది లైసెన్సు లేని ఆయుధమే. వెంటనే స్టేషన్లోనో, లైసెన్సున్న ఆయుధ దుకాణంలోనో జమ చేసి రసీదు తీసుకోవాలి. కావాలనుకుంటే వారసుడిగా తన పేరున లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవాలి, మిగతా వారసుల అంగీకారంతో. పెద్దాయనకి 70 ఏళ్ళు నిండినా, పాతికేళ్ళు లైసెన్సున్నా ఆయన బతికుండగానే మార్పించుకోవచ్చు. 2019 సవరణ తరవాత ఒకరికి రెండు తుపాకులే. వారసత్వంగా వచ్చినవీ ఆ రెండులోకే వస్తాయి. లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళయింది. ఆ తేదీ ఎప్పుడు ముగుస్తుందో క్యాలెండరు మీద రాసి పెట్టుకుంటే సరి.