కమర్ దర్ద్‌లో శర్మ్ ఎందుకు?

ఈమధ్య మా తణుకులో కమర్ దర్ద్ మాట వస్తే చాలు, "ఎండోస్కోపీతో చేసేస్తారట, చిన్న రంధ్రమేనట, మర్నాడే నడిపిస్తారట" అంటున్నారు. మాట ఝూఠ్ కాదు. వెన్నుపూసల మధ్య డిస్కు చిట్లి, లోపలి గుజ్జు నరాన్ని నొక్కితే నడుము నుంచి పిక్క దాకా కరెంటు కొట్టినట్టు లాగుతుంది. సెంటీమీటరు పాటి కోతలోంచి కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపి ఆ ముక్కను తీసేస్తారు. చాలాసార్లు అక్కడికే మత్తిచ్చి, మనిషి మెలకువగా ఉండగానే. నరానికి పక్కగా గొట్టం దూరే ఆ జాగాకి డాక్టర్లు పెట్టుకున్న పేరు 'కాంబిన్ ట్రయాంగిల్'. 1970ల నుంచి ఈ పక్కదారి మీద మెహనత్ చేసిన సర్జన్ పర్వీజ్ కాంబిన్ పేరే అది.

అయితే రంధ్రం సైజు చూసి ఫైసలా చేసుకోవద్దని నా రాయ్. నెదర్లాండ్స్‌లో 613 మందితో చేసిన పరిశోధన 2022లో బీఎంజేలో వచ్చింది. ఏడాది తర్వాత కాలినొప్పి తగ్గడంలో ఎండోస్కోపీ పాత మైక్రో ఆపరేషన్‌కి తీసిపోలేదని తేలింది. అంటే పాత పద్ధతిలో చేయి తిరిగిన డాక్టర్ దగ్గరున్నా నుక్సాన్ లేదు. అసలు చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో మందులతో, కసరత్తుతో దర్ద్ తగ్గిపోతుంది. కానీ రైసుమిల్లు హమాలీకి (అరబీ 'హమ్మాల్' నుంచి వచ్చిన మాటే ఇది) ఆరు వారాల ఆరామ్ అంటే ఆరు వారాల కూలీ పోయినట్టే. అతను త్వరగా లేచే ఇలాజ్ కోరుకుంటే తప్పుపట్టలేను.

నా ఫికర్ అంతా మన ఇళ్లలోని ఆడవాళ్ల గురించి. అమ్మీలు, ఖాలాలు కుర్చీలో కూర్చుని నమాజ్ చదువుకుంటూ సబర్ చేస్తారు. దానికి రుఖ్సత్ ఉంది, సరే. వాళ్లు శర్మ్‌తో షౌహర్‌కి కూడా చెప్పని తకలీఫ్ ఇంకోటుంది. మూత్రం రాకపోవడం, తెలియకుండా పోవడం, తొడల మధ్య, కూర్చునే చోట తిమ్మిరి. వెన్ను చివర నరాల గుత్తి నలిగిపోతోందనడానికి ఇవి నిశానీలు. డాక్టర్లు కాడా ఈక్వినా అంటారు. దీనికి ఆరు వారాలు కాదు, ఒక్క రాత్రి కూడా ఆగకూడదు. దేర్ అయితే మూత్రం మీద పట్టు మళ్లీ రాకపోవచ్చు. పాదం పైకి లేవకపోయినా వెంటనే చూపించాల్సిందే.

ఆ రోజు ఎండోస్కోపీ ఎక్కడ చేస్తారా అని వెతకొద్దు, లేడీ డాక్టర్ దొరికేదాకా ఆగొద్దు. ఎమ్మారై, వెన్ను సర్జన్ దగ్గర్లో ఎక్కడుంటే అక్కడికి, భీమవరమో ఏలూరో రాజమండ్రో, 108 పిలిచైనా బయల్దేరాలి. బేటీలు, కోడళ్లు నడుము పట్టుకుని కూర్చున్న అమ్మీని సీదాగా అడగండి: "మూత్రం సరిగ్గా వస్తోందా?"