సైకిల్‌కు గీత పడితే పడనీ

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం, తొమ్మిదో తరగతి చదివే మా పాప సైకిల్ తోసుకుంటూ ఇంటికొచ్చింది. గేటు దగ్గరే నిలబడి, "అమ్మా, తిట్టొద్దు. సైకిల్‌కు గీత పడింది" అంది.

తిట్టాను. యాడ పడేసినావు, పదమూడు వేలు ఊరికే వచ్చినాయా అని. కొంగుతో ఆ గీతను తుడిచి తుడిచి చూశాను. మూడో రోజు బట్టలు ఉతుకుతుంటే దాని ప్యాంటుకు మోకాలి దగ్గర రక్తం మరక కనిపించింది. చూస్తే మోకాలి చిప్ప మీద తోలు లేచిపోయి, గాయం పచ్చిగానే ఉంది. "మరి చెప్పలేదేమే?" అంటే, "నువ్వు సైకిల్ గురించే అడిగితివి కదమ్మా" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రిమోట్‌కు కూడా ప్లాస్టిక్ కవర్ తొడిగే ఇల్లు మాది. లావు టైర్ల గేరు సైకిల్ కొన్న రోజు, షాపువాళ్లు ఫ్రేముకు చుట్టి ఇచ్చిన ప్లాస్టిక్‌ను నేను విప్పనివ్వలేదు. ఏడాది అట్లనే ఉంచాను. రణమండల కొండ వైపు పోవద్దు, కంకర దారిలో తొక్కొద్దు, స్నేహితురాళ్లకు ఇవ్వొద్దు అని నియమాలు కూడా పెట్టాను. గుట్టలెక్కే సైకిల్ కొని, సిమెంటు రోడ్డు దాటొద్దన్నానన్నమాట.

గీత సంగతి చూపిద్దామని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన ముందు ఆ ప్లాస్టిక్‌ను కోసి తీశాడు. లోపల చూసి నోట మాట రాలేదు. ఆదోని చుట్టుపక్కల నల్లరేగడి ఎట్లాంటిదో మనకు తెలుసు కదా, తడిస్తే బంక, ఎండితే రాయి. అది ప్లాస్టిక్ సందుల్లో దూరి, సైకిల్ కదిలినప్పుడల్లా ఉప్పుకాగితంలా రంగును గీకింది. వాన నీళ్లు లోపలే నిలిచి అతుకుల దగ్గర తుప్పు మొదలైంది. కింద పడితే పడింది ఒక్క గీత. నా జాగ్రత్త వల్ల పడినవి లెక్కలేనన్ని.

ఫ్రేమంతా చుట్టాల్సిన పని లేదనీ, రాపిడి ఉన్న చోట కాపాడితే చాలనీ ఆయన చెప్పాడు. హ్యాండిల్ కింద బ్రేకు, గేరు కేబుళ్లు రుద్దుకునే చోటు ఒకటి. ముందు చక్రం కంకరను ఎగజిమ్మితే దెబ్బ తగిలే కింది కడ్డీ అడుగు భాగం ఇంకొకటి. ఎగుడుదిగుడు దారిలో చైను ఎగిరి కొట్టుకునేది దాని పక్కనే వెనక చక్రానికి పోయే కడ్డీకి. ఈ కడ్డీకి పంక్చరు షాపులో పడేసే పాత ట్యూబును చీల్చి, బిగుతుగా చుట్టి కట్టేస్తే పైసా ఖర్చు లేదు. మిగతా రెండు చోట్లా బండ్లకు వేసే మందపాటి పారదర్శక స్టిక్కరు వేయొచ్చు. అంటించే ముందు సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. చిన్న ఇసుక రేణువు లోపల ఉండిపోయినా మళ్లీ అదే కథ. ముక్క మూలలు గుండ్రంగా కత్తిరిస్తే అంచులు తొందరగా లేవవు. బురద పట్టినప్పుడు పొడిగుడ్డతో తుడవకూడదు, ముందు నీళ్లు పోయాలి. నేను ఆ రోజు కొంగుతో చేసింది అదే తప్పు.

రంగు లేచిపోయిన చోట ఇనుము బయటపడితే వదిలేయకూడదు. తుప్పును ఉప్పుకాగితంతో గీకి, శుభ్రం చేసి, ప్రైమరు, దాని మీద రంగు వేయాలి. వెంటనే కుదరకపోతే గోళ్ల రంగు అద్దినా కొన్నాళ్లు తడి తగలకుండా ఆపుతుంది. మా పాప ఎర్ర సైకిల్ మీద ఇప్పుడు రెండు గులాబీ రంగు చుక్కలున్నాయి.

డబ్బు పెట్టి కొన్న వస్తువును చూసుకోవద్దా అని మీరడగొచ్చు. తప్పకుండా చూసుకోవాలి. కానీ వాడుకోవడానికి చూసుకోవాలి, వాడకుండా ఉండడానికి కాదు. నా పుట్టిల్లు ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. మా నాయన మగ్గం చెక్క, చేతులు ఆని ఆని ఒకచోట అరిగి అద్దంలా నునుపుదేరి ఉండేది. అది పాడైందని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. ఆ అరుగుదల మీదనే మేం అన్నం తిన్నాం.

పాప మోకాలు చూసి పక్కింటి అక్క, "ఆడపిల్లకు మచ్చ పడితే ఎట్లా, సైకిల్ మాన్పించు" అంది. ఒకప్పుడైతే నేనూ అదే అనేదాన్ని. ప్రభుత్వం 'బడికొస్తా' పేరుతో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది వాళ్లు బడి మానకూడదనే కదా, గోడకు ఆనించి మెరిపించుకోవడానికి కాదు. సైకిల్‌కైనా పిల్లకైనా మచ్చ పడుతుందని బయటికి పంపకపోతే, ఏడాదికి నా ప్లాస్టిక్ కింద కనిపించిందే కనిపిస్తుంది.

మోకాలి మచ్చ ఇంకా పోలేదు. మొన్న ఆదివారం పాప కొండ దాకా పోయి, చెమటలు కక్కుతూ వచ్చింది. సైకిల్ నిండా మట్టి. నా కళ్లు అలవాటుగా ఫ్రేము మీదికే పోయాయి, అబద్ధమెందుకు. నోటిని మాత్రం ఆపుకున్నాను. "దెబ్బలేమైనా తగిలినాయా?" అని అడిగి, తర్వాత బకెట్‌తో నీళ్లు తెచ్చిచ్చాను.