ఒక్కదానికి ఏం వండుకుంటాను డాక్టరుగారూ!

ఓపీలో ఈ మాట వినని వారం ఉండదు. భర్త పోయి, పిల్లలు బెంగళూరులోనో డల్లాస్‌లోనో స్థిరపడ్డాక ఇంట్లో ఒంటరిగా మిగిలిన తల్లులు అనే మాట. నీరసమని, కాళ్లు తిమ్మిర్లని వస్తారు. నిన్న ఏం తిన్నారమ్మా అంటే... పొద్దున టీ, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం అన్నం, ఆవకాయ. రాత్రికీ అదే. బీపీ ఉన్న మనిషికి రెండు పూటలా ఆవకాయ! పప్పు వండితే మిగిలిపోతుందని మానేశారు. గుప్పెడు ఉడికించి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులొస్తుంది కదా.

పెన్షన్ రాగానే కరెంటు బిల్లు, మందులు పోగా మిగిలిన దాంట్లోనే సరుకులు. కోత పడేది ఎప్పుడూ తిండికే. ఈ వరస తప్పు. మందుల డబ్బులాగే పప్పు, గుడ్లు, పాల డబ్బూ ముందే తీసిపెట్టాలి. నెలకు కిలో కందిపప్పు, ముప్పై గుడ్లు, అరకిలో పల్లీలు కలిపి ఐదొందలకు అటూ ఇటూ. బలానికని పిల్లలు పంపే పొడి డబ్బాల్లో చాలావాటి ఖరీదు అంతకంటే ఎక్కువే. 55 కిలోల మనిషికి రోజుకు సుమారు 45 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములుంటుంది. కిడ్నీ జబ్బుంటే మాత్రం ఈ లెక్క మీ డాక్టరునే అడగండి.

గుడ్డు తిననివారు పాలు, పెరుగు వదలొద్దు. పప్పులో, కూరల్లో బి12 ఉండదు. షుగరుకు ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతూ తిమ్మిర్లుంటే బి12 పరీక్ష చేయించుకోండి.

పిల్లలకొక మాట. ‘తిన్నావా అమ్మా?’ అంటే తిన్నాననే అంటుంది. ‘ఇవాళ ఏం కూర?’ అని అడగండి. నేనలా అడిగిన రోజే మా అమ్మ కాసేపు ఆగి, ‘ఆవకాయరా’ అంది.