లేని ఫ్రేములు

ఇక్కడ మెల్‌బోర్న్‌లో కొత్తగా పెద్ద టీవీ కొన్న తెలుగు ఇళ్లలో తరచూ వినే మాట ఒకటుంది: "బొమ్మ భలే ఉందండీ, కానీ సినిమా పెడితే సీరియల్ చూస్తున్నట్టుంటుందేంటో!"

ఆ అనుమానం నిజమే. కళ్లద్దాలు మార్చుకోనక్కర్లేదు. తేడా టీవీలోనే ఉంది.

సినిమాని సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తారు. 1920ల చివర్లో టాకీలు వచ్చినప్పుడు, శబ్దం సరిగ్గా పలకాలి, ఫిల్ము ఖర్చు మించకూడదు అన్న బేరంలో తేలిన అంకె అది. టీవీ తెర మాత్రం సెకనుకు 50, 60, 100 లేదా 120 సార్లు బొమ్మ మారుస్తుంది. 120 అయితే చిక్కులేదు, ఒక్కో ఫ్రేమునీ ఐదేసి సార్లు చూపిస్తే సరిపోతుంది. 60 అయితే ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు, అలా కుంటుకుంటూ నడవాలి. ఆస్ట్రేలియాలో కరెంటూ, టీవీ ప్రసారాలూ మన దేశంలోలాగే 50 లెక్కలో ఉంటాయి. 24 అందులో ఇమడదు. అందుకే ఇక్కడి పాత టీవీ ప్రసారాల్లో, మన దూరదర్శన్‌లో కూడా, సినిమాని 25కి పెంచి నడిపేవాళ్లు. రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాలు ముందే అయిపోయేది!

ఇప్పటి టీవీలు ఇంకో అడుగు ముందుకేశాయి. రెండు ఫ్రేములు చూసి, మధ్యలో ఏం జరిగి ఉంటుందో ఊహించి, కొత్త ఫ్రేములు సొంతంగా తయారుచేస్తాయి. ట్రూమోషన్, మోషన్‌ఫ్లో, ఇలా కంపెనీకో పేరు. పూర్తిగా పెంచి పెడితే 120 హెర్ట్జ్ తెర మీద ప్రతి ఐదు ఫ్రేముల్లో నాలుగు ఏ కెమెరా తీయనివే. సీరియళ్లని వీడియో మీద ఎక్కువ వేగంతో తీసేవాళ్లు కాబట్టి, ఆ నునుపు చూడగానే మనకి సీరియల్ గుర్తొస్తుంది.

1957 నాటి మాయాబజార్‌నే తీసుకోండి. మార్కస్ బార్ట్లే కెమెరాతో సృష్టించిన వెన్నెల, వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లే లడ్డూలు, ఇవన్నీ 24 ఫ్రేముల లెక్కలో అల్లిన మాయ. నునుపు చేసి చూపిస్తే మహల్ కాస్తా అట్టముక్కల సెట్టయిపోతుంది, కిరీటం బంగారు రంగు పూసిన తగరమని తెలిసిపోతుంది. ఇక్కడ పుట్టి పెరిగే మన పిల్లలు ఆ సినిమాని మొదటిసారి ఈ టీవీల మీదే చూస్తారు. "ఇదేంటి నాన్నా, ఇంత ఫేక్‌గా ఉంది" అంటే, తప్పు కె.వి.రెడ్డిగారి ఖాతాలో పడుతుంది. నాకు బాధనిపించేది అక్కడే.

24 అనేది దైవదత్తమేమీ కాదు. 2012లో 'ద హాబిట్'ని 48 ఫ్రేములతో తీశారు. నచ్చినా నచ్చకపోయినా అది దర్శకుడి నిర్ణయం. టీవీ చేసేది అలాంటిది కాదు. ఎవరో ముత్యాల సరాలు అచ్చువేస్తూ, చదవడానికి సాఫీగా ఉంటుందని ప్రతి రెండు పాదాల మధ్యా తనదొక పాదం ఇరికిస్తే ఊరుకుంటామా?

క్రికెట్ సంగతేమిటంటారా? బాక్సింగ్ డే టెస్టు ప్రసారం ఎటూ సెకనుకు 50 బొమ్మలతో వస్తుంది, దానికి ఈ సాయం పెద్దగా అక్కర్లేదు. అయినా ఆటకి కావాలంటే ఉంచుకోండి. ఓఎల్ఈడీ తెరల మీద కెమెరా మెల్లగా పక్కకి తిరిగే షాట్లు కాస్త అదురుతాయన్నదీ నిజమే. దానికి ఈ సదుపాయాన్ని కనిష్ఠ స్థాయిలో పెట్టుకుంటే చాలు. అడక్కుండానే అన్నిటికీ ఆన్ చేసి అమ్మడమే నాకు మింగుడుపడనిది.

2018లో టామ్ క్రూజ్ ఇదే ఆపేయమని వీడియో పెట్టి మరీ చెప్పాడు. మరుసటి ఏడాది 'ఫిల్మ్‌మేకర్ మోడ్' ప్రకటించారు. మీ టీవీలో అది ఉంటే సినిమాలకి అదే పెట్టండి. లేకపోతే పిక్చర్ సెట్టింగుల్లో మోషన్ అన్న మాట ఎక్కడుందో వెతికి ఆపేయండి. చాలా టీవీల్లో ఒక్కో హెచ్‌డీఎంఐకి విడివిడిగా మార్చాలి, అది మర్చిపోవద్దు. మొదటి పది నిమిషాలు కాస్త అదిరినట్టు అనిపించొచ్చు. తర్వాత ఆ సంగతే గుర్తుండదు, కథలో పడిపోతారు.